ఎదిగిన పిల్లలతో సముద్రతీరానికి: గోపాలపూర్, పూరీ, విశాఖ

ఒడిశాలోని బరంపురంలో కాపురమున్నవారికి సముద్రం వింత కాదు. ఆటో ఎక్కితే అరగంటలో గోపాలపూర్ చేరుకోవచ్చు కనుక, ఆదివారం సాయంత్రం ఇసుకలో కాసేపు కూర్చుని, వేయించిన చేపలు తిని ఇంటికి రావడం మా అందరికీ అలవాటే. అయితే పిల్లలు పదమూడు, పద్నాలుగేళ్లు దాటిన తరువాత సెలవుల్లో నాలుగు రోజులు సముద్రతీరంలో గడపాలంటే ఎక్కడికి వెళ్లాలన్నది అంత తేలికగా తేలే విషయం కాదు. చిన్నప్పుడు వాళ్లకు ఇసుక, నీళ్లు ఉంటే సరిపోయేది. ఇప్పుడు ప్లస్ టూ చదివే మా అమ్మాయికి తడి బట్టలు మార్చుకోవడానికి శుభ్రమైన చోటు కావాలి, తొమ్మిదో తరగతి అబ్బాయికి ఒంటికి పని చెప్పే ఆటలేవైనా కావాలి, ఇద్దరికీ మొబైల్ సిగ్నల్ కావాలి, మా అత్తగారికి జగన్నాథుడి దర్శనం కావాలి. ఇన్ని కోరికల మధ్య నేను పెట్టుకున్న కొలమానం ఒక్కటే: పెద్దవాళ్లు వెంట లేకుండా పిల్లలు ఒక గంట సేపు తమంతట తాము తిరిగి రాగలిగే చోటా, కాదా?

ఈ లెక్కన గోపాలపూర్‌కు మంచి మార్కులే పడాలి. ఊరు చిన్నది, వీధులు నడిచి తిరిగేటంత దగ్గర, మధ్యాహ్నం పూట లైట్‌హౌస్ పైకి ఎక్కనిస్తారు. పాత రేవు రోజుల నాటి శిథిల గోడలు, స్తంభాలు ఫోటోలు తీసుకునే పిల్లలకు బాగా నచ్చుతాయి. ఒడిశా పర్యాటక సంస్థ వారి పాంథనివాస్ మొదలుకొని ఖరీదైన రిసార్టుల వరకు బస ఉంది. కాని చీకటి పడ్డాక బీచ్ రోడ్డు మీది తినుబండారాల బండ్లు తప్ప చేయడానికి ఏమీ లేకపోవడం వల్ల, రెండో రోజు సాయంత్రానికే పిల్లలు గదిలో ఫోన్లు పట్టుకుని కూర్చుంటారు. పైగా అక్కడ తీరం నిటారుగా దిగుతుంది, అల విరిగే చోటే లోతు మొదలవుతుంది. స్నానానికి నేను ఒడ్డున మోకాలి లోతు వరకే ఒప్పుకుంటాను. రాయగడ నుంచో కొరాపుట్ నుంచో వచ్చే బంధువులకు ఒక రాత్రి బసకు గోపాలపూర్ చక్కని చోటు. బరంపురం వాళ్లకు మాత్రం అది సెలవుల యాత్ర అనిపించుకోదు. ఆంధ్ర సరిహద్దు దగ్గర సోనాపూర్ ఉంది, ఇంకా దక్షిణాన సోంపేట దగ్గర బారువ ఉంది. రెండూ ప్రశాంతంగా ఉంటాయి కాని పగటిపూట వెళ్లి వచ్చేందుకే తగినవి.

పూరీ విషయం వేరు. రైల్లో అయితే ఖుర్దా రోడ్ మీదుగా వెళ్లాలి. సొంత కారు ఉన్నవారికి నేను చెప్పే దారి మాత్రం చిలికా అంచున పాలూరు, మాలుద్ మీదుగా జన్హికుడా చేరి, కారును ఫెర్రీలో ఎక్కించుకుని సాతపడా రేవులో దిగడం. ఫెర్రీ వేళలు ముందుగా కనుక్కోవాలి, చివరిది తప్పితే వెనక్కి రావడమే. హైవే మీద కునికిపాట్లు పడే పిల్లలు, కారుతో సహా నీళ్ల మీద వెళ్తున్నప్పుడు మాత్రం కిటికీ వదలరు. సాతపడా దగ్గర ఇరావతి డాల్ఫిన్లు కనిపిస్తాయి. పడవ మాట్లాడుకునేటప్పుడు లైఫ్ జాకెట్లు అందరికీ ఉన్నాయో లేదో చూసుకుని, డాల్ఫిన్లను తరమవద్దని సరంగుకు ముందే చెప్పడం మంచిది. మోటారు ఆపి ఓపిగ్గా కూర్చుంటేనే వాటి వీపులు నీటిపైకి తేలుతాయి.

పూరీలో బస ఎక్కడన్నది ఆలోచించి తేల్చుకోవాలి. స్వర్గద్వారం చుట్టుపక్కల హోటళ్లు చవక, సందడి ఎక్కువ, అంగళ్లు దగ్గర. అయితే అక్కడే శ్మశానవాటిక ఉందన్న సంగతి, బుకింగ్ చేసేటప్పుడు ఎవరూ చెప్పరు. చక్రతీర్థ రోడ్డు వైపు కాస్త నిదానం, గదులు విశాలం. నేను పిల్లల కోసం గోల్డెన్ బీచ్‌కు నడిచి వెళ్లగలిగే హోటల్‌నే ఎంచుకుంటాను. తీరాల శుభ్రతకు, భద్రతకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ అనే అంతర్జాతీయ గుర్తింపు 2020లో వచ్చిన ఆ తీరంలో స్నానపు గదులు, దుస్తులు మార్చుకునే గదులు, కాపలా సిబ్బంది ఉన్నారు. ఇన్నాళ్లూ తడి చుడీదార్‌తో రిక్షా ఎక్కవలసి వస్తుందని సముద్రస్నానమే వద్దనే మా అమ్మాయి, అక్కడ తనంతట తాను వెళ్లి స్నానం ముగించి పొడి బట్టలతో తిరిగి వచ్చింది. మిగిలిన సౌకర్యాలన్నీ కలిపినా ఆ ఒక్కదానికి సాటి రావు.

ఆ సముద్రం మాత్రం మెత్తనిది కాదు. ఒడ్డున వెదురు టోపీలు పెట్టుకుని నిలబడి, స్నానానికి దిగేవారి చేయి పట్టుకునే నోలియాలు తరతరాలుగా ఈ అలలతో బతుకుతున్నవారు. వాళ్లలో చాలామంది పూరీలోని పెంఠకట అనే పేటలో ఉండే తెలుగు మత్స్యకార కుటుంబాలవారే కనుక మనకు భాష చిక్కు లేదు. మా అబ్బాయి చేయి పట్టుకున్న పెద్దాయన, "బాబూ, అల మీదకొస్తే వీపు చూపించి పారిపోవద్దు, తల దించి దాని కిందికి దూరిపో" అని రెండుసార్లు చేయించి చూపించాడు. నీరు లోపలికి లాగుతున్నట్టు తోస్తే ఒడ్డు వైపు కాకుండా పక్కకు ఈదాలన్నది కూడా పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి. నోలియాకు ఎంత ఇవ్వాలో నీళ్లలో దిగకముందే మాట్లాడుకోవాలి.

దర్శనం విషయంలో పిల్లలతో ముందుగానే మాట్లాడుకుంటే గొడవ ఉండదు. గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. 2024 జనవరి 1 నుంచి చిరుగుల జీన్స్, నిక్కర్లు, చేతుల్లేని దుస్తులు కూడా కుదరవు. మా అత్తగారు గుడి ఆవరణలోని ఆనందబజారులో మహాప్రసాదం తింటూ కూర్చున్న ఆ రెండు గంటలు, ఫోన్ లేక మొహం వేలాడేసుకున్న మనవడికి ఆవిడ పాత కబుర్లన్నీ వినక తప్పింది కాదు. పూరీ నుంచి కోణార్క్ మెరైన్ డ్రైవ్ మీదుగా దాదాపు 35 కిలోమీటర్లు. సూర్యదేవాలయంతో పాటు దారిలోని రామచండీ గుడిని కూడా కలుపుకోవాలి. కుశభద్రా నది సముద్రంలో కలిసే ఆ చోట నదివైపు నీరు నెమ్మదిగా ఉంటుంది కనుక పడవ ఆటలకు పూరీ తీరం కన్నా అదే నయం. డిసెంబరు 1 నుంచి 5 వరకు కోణార్క్ నృత్యోత్సవం, చంద్రభాగ తీరంలో సైకత శిల్పాల ఉత్సవం ఒకేసారి జరుగుతాయి, కాని ఆ రోజుల్లో చాలా బడులకు సెలవులుండవు.

ఆటలే ముఖ్యమనుకునే పిల్లలకు విశాఖపట్నాన్ని మించింది లేదు. బరంపురంలో ఉదయం వందే భారత్ ఎక్కితే భోజనం వేళకు అక్కడ ఉంటాం. రుషికొండలో కయాకింగ్, స్కూబా డైవింగ్ ఉన్నాయి. ఆ తీరానికీ 2020లోనే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆర్కే బీచ్ దగ్గర కురుసుర జలాంతర్గామి మ్యూజియం, దానికి ఎదురుగా టీయూ-142 విమానం మా అబ్బాయికి సముద్రం కన్నా ఎక్కువ నచ్చాయి. ఇరుకు జలాంతర్గామిలో ఇంతమంది ఎలా పడుకునేవారని వాడు గైడును వదల్లేదు. భాష మనదే, తిండి మనదే. అయినా విశాఖను నేను రెండో స్థానంలో ఉంచడానికి కారణం దూరాలు. రుషికొండలో దిగితే నగరం దూరం, నగరంలో దిగితే స్నానానికి తగిన తీరం దూరం. ఆర్కే బీచ్ రాళ్లతో, లోతుతో స్నానానికి ప్రమాదకరం, యారాడ అలలూ అంతే. అందువల్ల ప్రతిదానికీ క్యాబ్, క్యాబ్‌లో అందరం, పిల్లలకు ఒంటరిగా దొరికే గంట లేదు. సముద్రం కనిపించే గది అని డబ్బు కట్టించుకున్న ఒక లాడ్జిలో, బాల్కనీ చివరకు వెళ్లి మెడ చాస్తే తప్ప నీలం రంగు కనిపించలేదు. ఫోటోలు చూసి కాకుండా గది ఏ దిక్కుకు తెరుచుకుంటుందో ఫోన్‌లో అడగాలని అప్పటి నుంచి మా ఇంటి నియమం.

గదుల ఖర్చు విషయంలో ఎక్కడికి వెళ్లినా ఒకటే తంటా. పన్నెండేళ్లు దాటినవారిని రైల్లోనూ, చాలా హోటళ్లలోనూ పెద్దవాళ్ల కిందే లెక్కగడతారు. ఒకే గదిలో రెండు ఎక్స్‌ట్రా బెడ్‌లు వేయించుకునే బదులు, మధ్య తలుపు ఉన్న రెండు మామూలు గదులు తీసుకోవడం ఖర్చులో పెద్ద తేడా లేకుండా ఇంట్లో శాంతిని కాపాడుతుంది. చెక్ అవుట్ వేళ కూడా అడగాలి. పూరీలో కొన్ని హోటళ్లు పొద్దున్నే గది ఖాళీ చేయమంటాయి. తెల్లవారుజామున సముద్రం మీద సూర్యోదయం చూపిస్తామని హోటళ్లన్నీ ఊరిస్తాయి గాని, పదిహేనేళ్ల పిల్లలు ఉన్న ఇంట్లో దానికి అదనంగా డబ్బు చెల్లించడం దండగ.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ తీరమంతా అలలు తగ్గి ఉంటాయి. ఎండాకాలం ముదిరి నైరుతి గాలి మొదలైతే పెరుగుతాయి. రథయాత్ర రోజుల్లో, కార్తీక మాసం చివర పూరీలో గది దొరకడం కష్టం. దసరా సెలవులే అందరికీ వీలైనవి కాని, ఆ సమయమే తుఫానుల కాలం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖలో, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. వేసవి సెలవులకు కూడా హామీ లేదు, 2019లో ఫణి మే 3న పూరీ మీద విరుచుకుపడింది. అందువల్ల దసరాకైనా, మే నెలకైనా ముందురోజు వరకు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చే హోటల్‌నే బుక్ చేయాలి. రోజుకు మూడు, నాలుగు వందలు ఎక్కువైనా నేను దానికే ఒప్పుకుంటాను.