1050 టీఐ అని అంటగట్టారు: నల్లగొండలో పాత గేమింగ్ పీసీ కొనేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు ఎవరైనా పాత గేమింగ్ పీసీ బేరం చేస్తుంటే, డబ్బులు ఇచ్చేముందు ఇది చదవండి. నాకు 21,500 రూపాయలకు అమ్మిన పీసీలో 'జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ' అని చెప్పిన గ్రాఫిక్స్ కార్డు నకిలీది. లోపల ఉన్నది 2011 నాటి జీటీఎక్స్ 550 టీఐ. ఈ ముక్క తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది. అందులో రెండో నెలంతా తప్పు గేమ్‌దే అనుకున్నాను, తర్వాత మోడ్స్‌ది (ఆటగాళ్లు తయారుచేసి గేమ్‌కు తగిలించే అదనపు ముక్కలు) అనుకున్నాను, ఆఖరికి మా వీధి కరెంటుది కూడా అనుకున్నాను.

దుకాణం పేరు రాయను. అమ్మినాయన కూడా మోసపోయి కొన్నాడో, తెలిసే అమ్మాడో నేను తేల్చలేను. కానీ ఇలాంటి కార్డులు ఒకటీ రెండూ కాదు, పాత సరుకులో బాగానే తిరుగుతున్నాయి.

రైస్ మిల్లులో లెక్కలు రాసే ఉద్యోగం నాది. పిల్లలు పడుకున్నాక రాత్రి గంటన్నర సిటీస్ స్కైలైన్స్ అనే ఊరు కట్టే గేమ్ ఆడటం ఒక్కటే నాకున్న సోకు. 2015లో వచ్చిన మొదటి భాగమే, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో కొన్నాను. 2023లో వచ్చిన రెండో భాగానికి 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3080 అనే కార్డు ఉంటే బాగుంటుందని కంపెనీ వాళ్లే రాసిపెట్టారు. అంత సొమ్ము ఒక్క కార్డు మీద పెడితే మా ఇంట్లో నాకు అన్నం పెట్టరు.

గేమ్‌లో నా ఊరి పేరు కొత్త పానగల్. నది పైన నీళ్ల పంపు, కింద మురుగు గొట్టం పెట్టి మొదలుపెట్టాను. కొత్తగా ఆడేవాళ్లు మొట్టమొదట బోల్తా పడేది ఇక్కడే. రెండూ తారుమారైతే మురుగు తిరిగి పంపులోకే వచ్చి ఊరంతా జబ్బు పడుతుంది. మూసీ నీళ్లు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పాలా! నీళ్ల ట్యాంకును ఫ్యాక్టరీలు పాడుచేసిన నేల మీద పెట్టినా అదే గతి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన జిల్లా మనది, నేను ట్యాంకుల జోలికే పోలేదు. ఇళ్ల జోన్ కూడా ఒకేసారి పరచకుండా వీధి తర్వాత వీధి వేసుకుంటూ పోయాను. ఒకేసారి పరిస్తే అందరూ ఒకే ఈడువాళ్లు దిగుతారు, కొన్నేళ్లకు అందరూ ఒకేసారి పోతారు, శవాల బండ్లు చాలక ఊళ్లో సగం ఇళ్లు ఖాళీ అవుతాయి. ఇంత జాగ్రత్తగా కట్టిన ఊరు కాబట్టే అది చెడిపోతుంటే కడుపు తరుక్కుపోయింది.

మొదటి నెల ఏ గొడవా లేదు. అలవాటు కొద్దీ గ్రాఫిక్స్‌లో టెక్స్‌చర్ క్వాలిటీ (గోడలు, రోడ్ల మీది బొమ్మల నాణ్యత) 'లో'లో పెట్టి ఆడాను. జనాభా 30 వేలు దాటాక, 4 జీబీ కార్డు పెట్టుకొని ఈ పిసినారితనం ఎందుకని ఒక రాత్రి 'హై'కి మార్చాను. పది నిమిషాలు బ్రహ్మాండంగా ఉంది. తర్వాత కెమెరాను బస్టాండు మీదికి దించగానే తెర మీద పోచంపల్లి చీర పరిచినట్టు ఆకుపచ్చ, ఊదా రంగు గళ్లు వచ్చాయి. ఆ గళ్లు కాసేపు వణికి, తెర నల్లగా అయింది. స్పీకర్లలో మాత్రం ట్రాఫిక్ హారన్లు వినిపిస్తూనే ఉన్నాయి. బటన్ నొక్కి ఆపేదాకా అంతే.

మర్నాడు దుకాణానికి ఫోన్ చేశాను.

"గేమ్ క్రాకుదా సార్?" అన్నాడు.

"కాదు, స్టీమ్‌లో కొన్నదే."

"అయితే మోడ్స్ ఉంటయ్ సార్, తీసేయండి. డ్రైవర్ మాత్రం ముట్టుకోకండి. ఇప్పుడున్నదే బెస్టు."

డ్రైవర్ అంటే కార్డును విండోస్‌తో మాట్లాడించే ప్రోగ్రాం. ఆ ఆఖరి మాట దగ్గరే నాకు అనుమానం రావాలి. రాలేదు. మోడ్స్ అన్నమాట నమ్మడానికి నాకో కారణం కూడా ఉంది. 2022 ఫిబ్రవరిలో ఈ గేమ్‌కు వాడే కొన్ని మోడ్లలో అనుమానపు కోడ్ ఉందని, మోడ్స్ దొరికే స్టీమ్ వర్క్‌షాప్ నుంచి తీసేశారు, ఆ వార్త గుర్తుంది. సరే అని స్టీమ్‌లో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని లాంచ్ ఆప్షన్స్ గడిలో మైనస్ గుర్తు పెట్టి 'నోవర్క్‌షాప్', ఇంకో మైనస్ పెట్టి 'డిసేబుల్‌మోడ్స్' అని ఇంగ్లిష్‌లో కొట్టాను. అలా చేస్తే గేమ్ మోడ్స్ ఏవీ లేకుండా తెరుచుకుంటుంది. మీ గేమ్ మధ్యలో మూసుకుపోతుంటే మొదట చేయాల్సిన పని నిజంగా ఇదే. కానీ ముందు సేవ్ ఫైళ్ల కాపీ తీసుకోండి. విండోస్‌లో అవి యూజర్ ఫోల్డర్ కింద యాప్‌డేటా, లోకల్, కొలోసల్ ఆర్డర్, సిటీస్ స్కైలైన్స్, సేవ్స్ అనే దారిలో ఉంటాయి. మోడ్స్‌తో కట్టిన ఊరిని మోడ్స్ లేకుండా తెరిచి అదే పేరుతో సేవ్ చేస్తే రోడ్లు, బిల్డింగులు మాయమై కూర్చుంటాయి.

మోడ్స్ లేకుండా తెరిచినా గళ్లు వచ్చాయి. స్టీమ్‌లో గేమ్ ఫైళ్లు వెరిఫై చేయించాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయంది. 8 జీబీ ర్యామ్ చాలట్లేదేమోనని 1,200 పెట్టి ఇంకో 8 జీబీ వేయించాను. వర్క్‌షాప్ బిల్డింగులన్నీ ర్యామ్‌లోకే ఎక్కుతాయి కాబట్టి లోడింగ్ త్వరగా అయింది, ఆ డబ్బు నీళ్లపాలేం కాలేదు. గళ్లు మాత్రం పోలేదు. మా బావమరిది యూపీఎస్ తెచ్చి పెట్టాను. అదీ అయింది. కోపం ఆపుకోలేక గేమ్‌కే రిఫండ్ అడుగుదామనుకున్నాను. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, అదీ 2 గంటలకు మించి ఆడకపోతేనే మామూలుగా రిఫండ్ ఇస్తారు. నేను అప్పటికే 90 గంటలు ఆడేశాను.

చివరికి ఆయన వద్దన్న పనే చేశాను. ఈ కార్డుల చిప్‌లు తయారుచేసే ఎన్‌విడియా సైటు నుంచి 1050 టీఐ డ్రైవర్ దించి ఎక్కించాను. సగంలో తెర ఆరిపోయింది. మళ్లీ పీసీ వేస్తే విండోస్ గుర్తు తిరుగుతూనే ఉంది తప్ప ముందుకు పోలేదు. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డ్రైవర్ తీసేసేసరికి రాత్రి ఒంటిగంట అయింది.

దసరాకు మా అక్క కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. బీటెక్ రెండో ఏడాది. నా గోడంతా విని, "మామా, జీపీయూ-జెడ్ పెట్టి చూసినవా?" అన్నాడు. అదేంటో కూడా నాకు తెలియదు. టెక్‌పవర్‌అప్ అనే సైటు వాళ్లు ఉచితంగా ఇచ్చే చిన్న ప్రోగ్రాం, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. వాడు తెరిచాడు. మొదటి గడిలో కార్డు పేరుకు ముందు ఇంగ్లిష్‌లో 'ఫేక్' అని ఉంది. చిప్ గడిలో జీఎఫ్116. షేడర్స్ (బొమ్మలు లెక్కకట్టే చిన్న యూనిట్లు) గడిలో 192. అసలైన 1050 టీఐ చిప్ జీపీ107, షేడర్లు 768. వాడు నవ్వలేదు పాపం. "మామా, ఇది నేను ఐదో తరగతిలో ఉన్నప్పటి కంటే పాత కార్డు" అన్నాడు అంతే.

తర్వాత క్యాబినెట్ మూత తీశాం. కార్డు వెనక నీలం రంగు వీజీఏ పోర్టు ఉంది. పాత మానిటర్లకు పెట్టే పదిహేను పిన్నుల ఆ పోర్టే. 1050 టీఐ తరం చిప్‌లలో ఆ పాత అనలాగ్ సిగ్నల్ ఇచ్చే ఏర్పాటే లేదు. కాబట్టి 1050 టీఐ అని చెప్పే కార్డుకు నీలం పోర్టు కనిపిస్తే అక్కడికక్కడే చేతులు జోడించి బయటికి రండి. రెండు నెలలుగా నా మానిటర్ కేబుల్ ఆ పోర్టులోనే ఉంది. రోజూ చూస్తూనే ఉన్నాను. మరలు తిప్పినచోట రంగు చెక్కుకుపోయి, ఫ్యాన్ మీది స్టిక్కర్ మాత్రం పెళ్లి కార్డులా కొత్తగా ఉంది.

ఈ మోసం ఎలా జరుగుతుందో మేనల్లుడు చెప్పాక, మళ్లీ నేనూ చదివి తెలుసుకున్నాను. పాత కార్డులోని బయోస్‌ను, అంటే కార్డు తన వివరాలు దాచుకునే లోపలి ప్రోగ్రాంను, చెరిపి, కొత్త కార్డు పేరు, 4 జీబీ మెమరీ అని రాసిన బయోస్ ఎక్కిస్తారు. విండోస్ ఆ రాతనే నమ్ముతుంది. అందుకే టాస్క్ మేనేజర్ చూపించి "చూడండి సార్, 4 జీబీ" అంటే ఊరుకోవద్దు, అది కార్డు తన గురించి తాను చెప్పుకునే గొప్ప. లోపల నిజంగా ఉన్న మెమరీ నా కార్డులో 1 జీబీ. టెక్స్‌చర్లు 'లో'లో ఉన్నన్నాళ్లు ఆ 1 జీబీలో సర్దుకుపోయింది. 'హై'కి మార్చాక లేని మెమరీలో రాయబోయి, తెర మీద పోచంపల్లి చీర పరిచింది. అసలు కంపెనీ డ్రైవర్ వేస్తే ఆ డ్రైవర్ కొత్త చిప్ అనుకొని మాట్లాడుతుంది, ఉన్నది పాత చిప్, అందుకే తెర ఆరిపోతుంది. 'డ్రైవర్ ముట్టుకోకండి' అన్న మాట వెనక సంగతి ఇది.

జీపీయూ-జెడ్‌లో ఈ నకిలీలను పట్టే ఏర్పాటు 2018 నుంచి ఉంది. కాబట్టి బేరానికి వెళ్లేటప్పుడు కొత్త వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో వేసుకొని వెళ్లండి. 'పెన్‌డ్రైవ్ పెడితే వైరస్ వస్తది' అని దుకాణంలో అడ్డు చెబితే వాళ్ల నెట్ మీదే దింపమనండి, చిన్న ఫైలే. దానికీ ఒప్పుకోకపోతే ఇంకేం అడగొద్దు, బండి స్టార్ట్ చేయండి.

అన్ని గొడవలకూ కార్డునే తిట్టకండి, అది కూడా చెప్పాలి. ఈ గేమ్‌లో జనాభా లక్ష దాటాక మూడో స్పీడ్ నొక్కినా బండ్లు నత్తల్లా కదలడం మామూలే. ఒక్కొక్క మనిషి, ఒక్కొక్క బండి ఎటు పోవాలో లెక్క కట్టేది ప్రాసెసర్. గేమ్‌ను పాజ్ చేసి కెమెరా తిప్పి చూడండి. పాజ్‌లో తెర హాయిగా తిరిగి, ప్లే నొక్కగానే మొరాయిస్తే ఆ బరువు ప్రాసెసర్ మీదే ఉన్నట్టు, కొత్త కార్డు కొన్నా పెద్దగా మారదు. పాజ్‌లో కూడా ఈడుస్తుంటే కార్డును అనుమానించాలి. రంగు గళ్లు, నల్ల తెర అయితే కార్డుతోపాటు దాని వేడిని, పవర్ సప్లైని కూడా చూడాలి.

ఇక డబ్బుల సంగతి. దుకాణానికి మేనల్లుణ్ణి కూడా తీసుకుపోయాను. అమ్మినాయన బిల్లు చూపించమన్నాడు. తెల్ల చీటీ మీద 'పీసీ సెట్ 1, రూ. 21,500' అని ఉంది. కార్డు పేరు లేదు, సీరియల్ నంబర్ లేదు, ముద్ర లేదు. "సెకండ్‌హ్యాండ్‌కు గ్యారంటీ ఎవరిస్తరు సార్?" అన్నాడు. మిల్లులో ఒక్క బస్తా తేడా వచ్చినా చీటీ చూపించమని లారీవాళ్ల పీకల మీద కూర్చునేవాణ్ణి నేను, నా సొంత సొమ్ముకు ఇలాంటి చీటీ తీసుకొని జేబులో పెట్టుకొచ్చాను. ఇంట్లో ఇప్పటికీ దీని మీద పాట నడుస్తోంది.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తానన్నాను. 5 లక్షల లోపు కొనుగోలుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఫీజు లేదని కూడా చెప్పాను. అప్పుడు కొంచెం దిగాడు. నా చేతిలో ఉన్న గట్టి ఆధారమల్లా కొనేరోజు ఆయన పంపిన వాట్సాప్ మెసేజ్, అందులో '1050 టీఐ 4 జీబీ పక్కా' అని స్పష్టంగా ఉంది. మీరు ఎక్కడ బేరం చేసినా కార్డు పేరు, మెమరీ ఇలా రాతలో తెప్పించుకోండి. ఫోన్లో మాట్లాడుకున్నది ఎందుకూ పనికిరాదు.

గంట వాదించాక ఇంకో కార్డు ఇచ్చి, 3,000 వాపసు ఇచ్చాడు. ఇది జీటీఎక్స్ 750 టీఐ, 2 జీబీ. అక్కడే, ఆయన ముందే జీపీయూ-జెడ్ పెట్టి చూశాం. 'ఫేక్' అన్న మాట లేదు, షేడర్లు 640, లెక్క సరిపోయింది. కంపెనీ డ్రైవర్ కూడా అక్కడే ఎక్కించి, మళ్లీ ఆన్ చేసి చూశాకే లేచాం. కొత్త పానగల్ ఇప్పుడు మీడియం టెక్స్‌చర్లలో 52 వేల జనాభాతో నడుస్తోంది.

మేం లేచి వస్తుంటే ఆ నకిలీ కార్డును గుడ్డతో తుడిచి మళ్లీ ర్యాక్‌లో పెట్టాడు. రెండు ఫ్యాన్ల కార్డు, నలుపు మీద ఎరుపు గీత, వెనక నీలం పోర్టు, ఎడమ ఫ్యాన్ రెక్క ఒకటి చివర విరిగి ఉంటుంది. ఎక్కడైనా 1050 టీఐ అని చూపిస్తే, అది నాదే.