పెద్ద దవాఖానా, దగ్గరి దవాఖానా? ముందు ఏది మేలు?

వరంగల్ పాత సెంట్రల్ జైలు జాగాలో 24 అంతస్తుల ఆస్పత్రికి 2021లో శంకుస్థాపన చేశారు కదా, అప్పటి నుంచి ఎమర్జెన్సీ వైద్యం గురించి ఎవరు మాట్లాడినా మాట ఆ బిల్డింగ్ దగ్గరికే పోతుంది. బిల్డింగ్ వద్దనను. కానీ డబ్బుకూ డాక్టర్లకూ కొరతే కాబట్టి, ముందు దేనికి పెట్టాలంటే నా ఓటు ఏటూరునాగారం, ములుగు, భూపాలపల్లి లాంటి చోట్ల రాత్రంతా నడిచే క్యాజువాలిటీకే, అంటే ఎమర్జెన్సీ వార్డుకే.

పాము కాటే తీసుకోండి. రాత్రి కింద పడుకున్న మనిషిని కట్లపాము కరిస్తే నొప్పి, వాపు పెద్దగా ఉండవు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోయి ఊపిరి అందదు. అతనికి కావాల్సింది యాంటీ వెనమ్ (పాము విషానికి విరుగుడు మందు), అవసరమైతే గొంతులో ట్యూబ్ వేసి వెంటిలేటర్ పెట్టగల డాక్టర్. దీనికి పదో అంతస్తుతో పనేముంది? ఏటూరునాగారం నుంచి వరంగల్‌లోని పెద్ద సర్కారు దవాఖానా ఎంజీఎం దాదాపు వంద కిలోమీటర్లు. మందు ఎక్కించకుండానే 'వరంగల్ తీసుకపోండి' అని చీటీ రాసిస్తే దారిలోనే ప్రాణం మీదికి వస్తుంది. గుండెపోటు కూడా అంతే, ఈసీజీ తీసి ఫోన్‌లో కార్డియాలజిస్టుకు పంపి, ఆయన సరేనంటే రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి, ఆ తర్వాతే బండి ఎక్కించాలి.

తలకు గట్టి దెబ్బ తగిలితే మాత్రం లెక్క మారుతుంది. ప్రతి ఏరియా ఆస్పత్రిలో న్యూరో సర్జన్‌ను పెట్టలేం, అక్కడ పెద్ద దవాఖానే గెలుస్తుంది. పక్షవాతమైతే సీటీ స్కాన్ తీయనిదే గడ్డ కరిగించే మందు ఇవ్వకూడదు, ఇచ్చినా మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అందుకే జిల్లాకో సీటీ మిషన్ ఉంటే చాలదు, రాత్రి దాన్ని నడిపే మనిషీ ఉండాలి.

మరి 108 బండ్లు పెంచితే సరిపోదా అంటారు. 2005లో మొదలైన 108 ఎందరి ప్రాణాలు నిలబెట్టిందో మనందరికీ తెలుసు, కాదనలేం. కానీ ఏజెన్సీ నుంచి ఒక బండి వరంగల్ వచ్చిందంటే అది తిరిగి వెళ్లేదాకా ఆ మండలానికి బండి లేనట్టే. దగ్గర్లో క్యాజువాలిటీ ఉంటే అదే బండి అరగంటలో ఖాళీ అవుతుంది.

ప్రైవేటుకు పోవచ్చు కదా అంటే ఖర్చు సంగతి కూడా చూద్దాం. 2025లో కేంద్రం తెచ్చిన స్కీమ్‌లో రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల పాటు లక్షన్నర దాకా క్యాష్‌లెస్ వైద్యం ఉంది, మంచిదే, కానీ పాము కాటుకూ గుండెపోటుకూ అది వర్తించదు.

డాక్టర్లు ఏజెన్సీలో ఉండరు అన్నది అసలు చిక్కు. క్వార్టర్స్, అదనపు జీతం ఇవ్వకుండా పోస్టింగ్ ఆర్డర్లు ఎన్ని ఇచ్చినా అంతే. కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో అర్జీ పెట్టేవాళ్లు బిల్డింగ్ ఎప్పుడు అని కాకుండా ఇది అడగాలి: ఈ రాత్రి డ్యూటీ డాక్టర్ ఎవరు, యాంటీ వెనమ్ ఎన్ని వయల్స్ ఉన్నాయి, గేటు దగ్గర బోర్డు మీద రోజూ రాస్తారా?