తప్పు జరిగాక కేసా, ముందే కట్టడా?

డిజిటల్ దిగ్గజాలను అదుపు చేయడానికి యూరోపియన్ యూనియన్‌లో రెండు దారులున్నాయి. పాతది పోటీ చట్టం. ముందు తప్పు జరగాలి, ఆ తర్వాతే విచారణ. సెర్చ్‌లో గూగుల్ తన షాపింగ్ సేవనే పైన చూపిస్తోందన్న గూగుల్ షాపింగ్ కేసే చూడండి. 2010లో విచారణ మొదలైంది, 2017లో 242 కోట్ల యూరోల జరిమానా పడింది, తుది తీర్పు 2024లో వచ్చింది. సెర్చ్‌లో కిందికి వెళ్లిపోయిన పోటీ సైట్లు అన్నేళ్లు ఎలా నిలబడాలి? నన్ను బాధపెట్టేది ఈ ఆలస్యమే.

రెండోది డిజిటల్ మార్కెట్స్ యాక్ట్. 2023లో గేట్‌కీపర్లుగా, అంటే వ్యాపారాలు వినియోగదారులను చేరే దారిని అదుపు చేసే పెద్ద వేదికలుగా, గుర్తించిన కంపెనీలు 2024 మార్చి నుంచి దీన్ని పాటించాలి. ర్యాంకింగ్‌లో సొంత సేవలకు పెద్దపీట వేయకూడదని ఇందులో ముందే రాసి ఉంది. జరిమానా రెండింటిలోనూ ప్రపంచ టర్నోవర్‌లో 10 శాతం దాకా ఉంటుంది. ఇక్కడ అదే తప్పు మళ్లీ చేస్తే 20 శాతం దాకా వేయొచ్చు. అందుకే నా మొగ్గు దీనివైపే. కాకపోతే ఇందులోని నియమాల జాబితాలో లేని కొత్త ఎత్తుగడ ఏదైనా కంపెనీ వేస్తే మళ్లీ పాత చట్టాన్నే ఆశ్రయించాలి.