మూడో తరగతి మొదటి టర్మ్: విజయవాడలోని ఒక పాఠశాలపై సమీక్ష

మా అమ్మాయి బందరు రోడ్డుకు దగ్గరలోని ఒక ఇంగ్లీషు మీడియం పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. జూన్‌లో బడి తెరిచిన నాటి నుంచి దసరా సెలవుల వరకు ఏ సబ్జెక్టులో ఏం నేర్పారో నోట్‌బుక్కులన్నీ ముందు పెట్టుకొని చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను. టర్మ్ ఫీజు రూ. 14,000.

ఈ బడిలో నాకు అన్నిటికన్నా నచ్చింది పరిసరాల విజ్ఞానం. నీటి పాఠం రాగానే టీచరు పిల్లలను ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్లి, 70 గేట్లను, అక్కడి నుంచి ఊళ్లోకి వచ్చే కాలువలను చూపించారు. రోజూ ఆటోలోంచి చూసే బందరు కాలువలో నీళ్లు ఎక్కడివో మా అమ్మాయికి అప్పుడే తెలిసింది. మరుసటి వారం అదే బ్యారేజీ లెక్కల నోట్‌బుక్కులోకి వచ్చింది. దాని పొడవు సుమారు 1,223 మీటర్లు కాబట్టి, ఆ సంఖ్యను స్థానవిలువల గళ్లలో రాయించారు. ఒక 2 రెండు వందలు, పక్కనున్న 2 ఇరవై ఎందుకయిందని మా అమ్మాయి ఇంటికొచ్చి నన్నే ప్రశ్నించింది. పాత ఆనకట్ట 1855 నాటిది, ఇప్పటి బ్యారేజీ 1957 నాటిది. ఈ రెంటి మధ్య తేడా తీసివేతలో 102 అని రాగా, మధ్యలోని సున్నను వదిలేసి 12 అని రాసిన పిల్లలతో మళ్లీ చేయించారట. ఎక్కాలను మాత్రం పాత పద్ధతిలోనే వల్లె వేయిస్తున్నారు, నాకు అందులో అభ్యంతరం లేదు.

ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలు సొంతంగా రాస్తోంది. చిత్రలేఖనం, కంప్యూటరు ఫర్వాలేదు.

నా బాధంతా తెలుగు గురించే. బ్యారేజీ గురించి ఐదు వాక్యాలు రాయమంటే, ఇంగ్లీషులో నది పేరును తప్పు లేకుండా రాసిన పిల్ల తెలుగులో ‘క్రిష్న’ అని రాసింది. వట్రుసుడి, ణ ఒత్తు రెండూ పోయాయి. ఏటి ఒడ్డున పుట్టి పెరుగుతున్న బిడ్డ ఆ ఏటి పేరు రాయలేకపోవడం చూసి నా మనసు చివుక్కుమంది. తప్పు పిల్లది కాదు: వారానికి ఇంగ్లీషుకు ఏడు పీరియడ్లు ఉంటే తెలుగుకు మూడే ఉన్నాయి, ఆ మూడింటిలోనూ బోర్డు మీది జవాబులను ఎక్కించుకోవడమే తప్ప డిక్టేషన్ లేదు. శతక పద్యాలు మూడు నోటికి వచ్చాయి గాని, వాటిని చూడకుండా రాయమంటే ఒత్తుల దగ్గర ఆగిపోతోంది.

తల్లిదండ్రుల సమావేశంలో ఈ సంగతి చెప్పినప్పుడు తెలుగు టీచరు శ్రద్ధగా విన్నారు, రెండో టర్మ్ నుంచి రోజుకు ఐదు ఒత్తు పదాలు చెప్పి రాయిస్తామన్నారు. పీరియడ్ల సంఖ్య పెంచడం తన చేతిలో లేదని కూడా ఆమె దాచకుండా చెప్పారు. లెక్కలు, పరిసరాల విజ్ఞానం కోసం ఈ బడిని నేను నిస్సంకోచంగా సూచిస్తాను. ఇక్కడ చేర్చే వారు మాత్రం ఇంట్లో రోజూ పావుగంట తెలుగు రాయించడానికి సిద్ధపడాలి.