సెయింట్ ఆండ్రూస్ వెళ్తే ఓల్డ్ కోర్సా, పక్క ఊరి తొమ్మిది హోల్సా?

స్కాట్లాండ్ వెళ్తున్నామంటే గోల్ఫ్ ఆడే మిత్రులు ముందు అడిగేది "ఓల్డ్ కోర్సులో స్లాట్ దొరికిందా?" అనే. సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఉన్న పేరుమోసిన గోల్ఫ్ మైదానమది. నన్నడిగితే ప్రయాణమంతా ఆ ఒక్క స్లాట్ మీద పెట్టుకోవద్దంటాను. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, తక్కువైతే ఆట మెరుగు) ఇరవై, పాతిక దగ్గరున్న మనలాంటి వాళ్లకి ఆ చుట్టుపక్కల చవక కోర్సుల్లోనే ఆట ఎక్కువ దక్కుతుంది.

ఓల్డ్ కోర్సు ప్రైవేటు క్లబ్బు కాదు, బయటివాళ్లు ఎవరైనా ఆడొచ్చు. అయితే సీజన్లో గ్రీన్ ఫీజు (ఒకసారి ఆడటానికి కట్టేది) 300 పౌండ్లు దాటిపోయింది. మన డబ్బుల్లో 30 వేలకి పైమాటే, క్యాడీ (బ్యాగు మోసే సహాయకుడు) ఖర్చు వేరు. ముందే బుక్ చేసుకోకపోతే బ్యాలెట్లో, అంటే లాటరీలో, పేరివ్వాలి. అదీ రెండు రోజుల ముందు, కనీసం ఇద్దరు కలిసి. ఒంటరిగా వచ్చినవాళ్లు ముందురోజు స్వయంగా వెళ్లి విడిగా తీసే డ్రాలో పేరు రాయించుకోవాలి. హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ చూపించాలి. ఇంతా చేసి పేరు రాకపోవచ్చు. ఆ టెన్షన్లో ఇంట్లోవాళ్లతో వేసుకున్న ప్రోగ్రాం కూడా ఎటూ తేలదు.

దాని గొప్పతనాన్ని కాదనను. 14 హోల్స్‌కి కలిపి ఏడే గ్రీన్లు (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక), ఒక్కో గ్రీన్ మీద రెండేసి జెండాలు. మీరు ఇటు వెళ్తూ పట్ చేస్తుంటే (బంతిని గుంటలోకి దొర్లిస్తుంటే) తిరిగొచ్చేవాళ్లు అదే గ్రీన్ మీద అటు పట్ చేస్తుంటారు. బంకర్లు (ఇసుక గుంతలు) 112. చూడటమే ముఖ్యమనుకుంటే ఆదివారం వెళ్లండి. ఆ రోజు మామూలుగా ఆట ఉండదు, ఎవరైనా లోపల నడవొచ్చు. కోర్సులోని స్విల్కన్ వంతెన మీద ఫొటోకి పైసా ఖర్చు లేదు.

అదే ఊళ్లో, ఓల్డ్ కోర్సు చూసుకునే ట్రస్టే నడిపే స్ట్రాతైరమ్ కోర్సు 1993లో మొదలైంది. దూరాలు తక్కువ, బంకర్లు తక్కువ, ఫీజు ఓల్డ్ కోర్సుతో పోలిస్తే చాలా చవక. నేల అదే ఇసుక నేల, గాలి అదే సముద్రపు గాలి. పిల్లలుంటే తొమ్మిది హోల్స్ బాల్గోవ్ ఉంది.

నా ఓటు మాత్రం ఆన్‌స్ట్రదర్‌కే. సెయింట్ ఆండ్రూస్ నుంచి 95 నంబరు బస్సు తీరం వెంట అక్కడికి వెళ్తుంది. చేపల రేవున్న చిన్న ఊరు, సముద్రం ఒడ్డున తొమ్మిది హోల్స్. రెండు గంటల్లో ఆట అయిపోతుంది, ఈలోపు ఇంట్లోవాళ్లు రేవు చూసి వస్తారు. ఐదో హోల్ పేరు రాకీస్. 200 గజాలు దాటిన పార్ 3 (మూడు దెబ్బల్లో ముగించాల్సిన హోల్), పక్కనే రాళ్లూ అలలూ. బ్రిటన్లోని కష్టమైన పార్ 3లలో ఒకటని పేరుంది. అక్కడ బోగీ (ఒక దెబ్బ ఎక్కువ) చేసినా పండగే. మన దగ్గరలా క్యాడీ వెంట ఉంటాడనుకోవద్దు, బ్యాగు మనమే మోసుకోవాలి. గ్రీన్‌కి ముప్పై గజాల్లో ఉన్నప్పుడు వెడ్జ్ (బంతిని పైకి లేపే కర్ర) తీయకండి. గట్టి నేల మీద ఏడో నంబరు ఐరన్‌తో బంతిని దొర్లిస్తే గాలితో గొడవుండదు.

చిన్న ఊరి కోర్సుకి లోట్లూ ఉన్నాయి. గ్రీన్లు అంత నున్నగా ఉండవు, అద్దె కిట్‌లో కావలసినవన్నీ దొరక్కపోవచ్చు, సభ్యుల పోటీ ఉన్న రోజు బయటివాళ్లకి చోటుండదు. ముందురోజు ఫోన్ చేసి వెళ్లడం మంచిది.

హ్యాండిక్యాప్ సింగిల్ డిజిట్లో (పదిలోపు) ఉండి, గోల్ఫ్ కోసమే అంత దూరం వెళ్తే ఓల్డ్ కోర్సుకే ప్రయత్నించండి, రోజూ బ్యాలెట్లో పేరివ్వండి. కుటుంబంతో వెళ్తే ఆన్‌స్ట్రదర్, స్ట్రాతైరమ్ ముందు ఖాయం చేసుకోండి. బ్యాలెట్లో పేరొస్తే ఆ రోజు మార్చుకోవచ్చు. జూన్‌లో రాత్రి పదింటి దాకా వెలుతురుంటుంది కాబట్టి సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టినా తొమ్మిది హోల్స్ హాయిగా పూర్తవుతాయి. తిరుగు బస్సు టైం మాత్రం ముందే చూసుకోండి.