1965 ఎంజీబీకి నెగటివ్ ఎర్త్: కొన్నేళ్లు నడిపాక నా మాట

ఇక్కడ ఇంగ్లండ్‌లో 1965 ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు నడుపుతున్నాను. 1967 దాకా వచ్చిన ఎంజీబీలన్నీ పాజిటివ్ ఎర్త్‌వే, అంటే బ్యాటరీ ప్లస్ కొస బాడీకి బిగించి ఉంటుంది. ఫోన్ ఛార్జరు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టుకోవాలని కొన్నేళ్ల కిందట నెగటివ్ ఎర్త్‌కి, అంటే మైనస్ కొస బాడీకి ఉండేలా మార్చాను. వానలో, చలిలో, మోటర్‌వే మీద బాగా తిప్పాకే ఇది రాస్తున్నాను.

మార్చడంలో పెద్ద కష్టమేమీ లేదు. సీట్ల వెనక ఉన్న రెండు 6 వోల్టుల బ్యాటరీలను తిప్పి పెట్టాలి, అయితే ప్లస్ పోస్టు మైనస్ కంటే లావు కాబట్టి పాత క్లాంపులు సరిపోవు, కొత్తవి ముందే కొని ఉంచుకోండి. లైట్లకు, స్టార్టర్‌కు తేడా ఏమీ ఉండదు. స్పార్క్ కోసం కరెంటు పెంచే ఇగ్నిషన్ కాయిల్ మీద వైర్లు మాత్రం తప్పకుండా మార్చాలి: తెల్ల వైరు ప్లస్‌కి, నల్ల గీత ఉన్న తెల్ల వైరు మైనస్‌కి. మార్చకపోయినా ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, అందుకే చాలామంది వదిలేస్తారు, కానీ స్పార్క్ బలహీనపడి ఎక్కువ ఆర్‌పీఎంలో మిస్ కొడుతుంది.

అన్నిటికంటే ముఖ్యం డైనమో, అంటే బ్యాటరీని ఛార్జ్ చేసే జనరేటరు. దానికున్న రెండు వైర్లూ తీసి, బ్యాటరీ ప్లస్ నుంచి ఒక వైరు తెచ్చి 'ఎఫ్' అనే చిన్న టెర్మినల్‌కి అలా తాకించి తీసేయాలి. చిటుక్కుమని చిన్న నిప్పురవ్వ వస్తుంది, అంతే, లోపలి అయస్కాంతం దిశ మారిపోతుంది. ఇది చేయకుండా ఇంజిన్ స్టార్ట్ చేస్తే డైనమో ఉల్టా కరెంటు ఇస్తుంది, కంట్రోల్ బాక్స్‌లో డైనమోను బ్యాటరీకి కలిపే, విడదీసే స్విచ్ (కటౌట్) పాయింట్లు అతుక్కుపోయే ప్రమాదం ఉంది.

అసలు టెన్షన్ ఇంజిన్ వేగం చూపే ట్యాకోమీటర్‌తోనే. 1965 కార్లలో అది ఎలక్ట్రానిక్, బాడీ నుంచే ఎర్త్ తీసుకుంటుంది, అందుకని లోపలి కనెక్షన్లు మార్చి, మీటరు వెనక లూప్‌లో తెల్ల వైరు వెళ్లే దిశ కూడా తిప్పాలి. నేను మీటర్లు బాగుచేసే అతనికి ఇచ్చి చేయించాను, ఆ డబ్బు దండగ కాదు, ముల్లు ఇవాళ్టికీ కుదురుగా ఉంటుంది. పాజిటివ్ ఎర్త్ రేడియో ఉంటే ముందే విప్పి పక్కన పెట్టండి.

ఇన్నేళ్లలో ఛార్జింగ్‌కి ఏ ఇబ్బందీ రాలేదు, డైనమో కూడా పాతదే. కారును ఉన్నదున్నట్టు ఉంచుకోవాలనుకుని, కొత్త ఎలక్ట్రానిక్స్ ఏవీ వద్దనుకుంటే మాత్రం మార్చకండి, పాజిటివ్ ఎర్త్‌తో ఆ కారు చక్కగా నడుస్తుంది. మారిస్తే బానెట్ కింద ఒకటి, బ్యాటరీ మూత మీద ఒకటి 'నెగటివ్ ఎర్త్' అని స్టిక్కర్లు అంటించండి, రేపు మీరు పక్కన లేనప్పుడు జంప్ లీడ్లు పట్టుకొచ్చేవాళ్లకు అదే ఆధారం.