మెయిన్ యూనివర్సిటీ నానోసెల్యులోజ్: తెప్పించుకునే ముందు

మా ల్యాబ్‌లో పనంతా నూనె దిగని కాగితం మీద. బర్గర్లు, ఫ్రైస్ చుట్టే కాగితానికి ఇన్నేళ్లూ పీఫాస్ (నూనెను, నీటిని అంటనివ్వని, త్వరగా కరిగిపోని ఫ్లోరిన్ రసాయనాలు) పూత వేసేవారు. ఆ పూతల అమ్మకం అమెరికాలో ఆగిపోయిందని 2024 ఫిబ్రవరిలో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రకటించింది. వాటి స్థానంలో చెక్క గుజ్జు నుంచి వచ్చే నానోసెల్యులోజ్ (కంటికి కనిపించనంత సన్నని సెల్యులోజ్) వాడగలమా అని చూస్తున్నాం. సరుకు అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో ఉన్న ఒరోనో నుంచి, అక్కడి యూనివర్సిటీ ప్రాసెస్ డెవలప్‌మెంట్ సెంటర్ దగ్గర కొంటాం. ఈ రంగంలోకి కొత్తగా వచ్చిన మన పిల్లలు ఎక్కడ కొనాలి, ఏ రకం కొనాలి అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది.

అక్కడ దొరికే సరుకంతా ఒక్కచోట తయారైంది కాదు. నానోఫైబ్రిల్స్, అంటే పొడవాటి సన్నని పోగులు, ఒరోనోలోనే చేస్తారు. బ్లీచ్ చేసిన సాఫ్ట్‌వుడ్ గుజ్జును నీళ్లలో కలిపి రిఫైనర్ (గుజ్జును నలిపే యంత్రం) ప్లేట్ల మధ్య మళ్లీ మళ్లీ ఆడిస్తారు, రసాయనాలేవీ కలపరు. నానోక్రిస్టల్స్, అంటే పొట్టి కడ్డీల్లాంటి స్ఫటికాలు, మాత్రం విస్కాన్సిన్‌లోని మాడిసన్ నుంచి వస్తాయి. అక్కడ అమెరికా ప్రభుత్వ ఫారెస్ట్ సర్వీస్ వారి ఫారెస్ట్ ప్రొడక్ట్స్ ల్యాబ్ 1910 నుంచి ఉంది. అందులో నానోసెల్యులోజ్ పైలట్ ప్లాంట్ (ప్రయోగాత్మక చిన్న ప్లాంటు) 2012లో పెట్టారు. గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో గుజ్జును విడగొట్టే పని అది, చిన్న ల్యాబ్‌లో పెద్ద మోతాదులో చేయడం కష్టం. ప్రభుత్వ ల్యాబ్ తయారు చేస్తే యూనివర్సిటీ అందరికీ పంపుతుంది.

నాకు ఈ ఏర్పాటులో అన్నిటికంటే విలువైనది ఇదే. ఎవరికి వాళ్లు తయారు చేసుకుంటే ఒకరి ఫైబర్ ఇంకొకరి ఫైబర్‌లా ఉండదు. అప్పుడు రెండు పేపర్లలోని ఫలితాలను పక్కపక్కన పెట్టి చూసినా ఏమీ తేలదు. ఒకే చోటి సరుకు వాడితే, తేడా వచ్చింది నా పూత వల్లనా, ఫైబర్ వల్లనా అన్న అనుమానం చాలావరకు పోతుంది.

ఇక ఫైబ్రిల్స్ బకెట్ మూత తీస్తే గట్టి పెరుగులా ఉంటుంది. అందులో ఫైబర్ సుమారు 3 శాతమే, మిగతాది నీళ్లు. కిలో కొంటే చేతికొచ్చేది 30 గ్రాములు. మా నాన్న రాజమండ్రి పేపర్ మిల్లులో రిఫైనర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ఫోన్లో ఇదంతా చెబితే ఆయన అడిగిన మొదటి మాట, "ఫ్రీనెస్ అంత పడిపోతే నీళ్లెలా దిగుతాయమ్మా?" ఫ్రీనెస్ అంటే గుజ్జులోంచి నీళ్లు దిగే వేగం. ఈ రంగంలో అందరినీ వేధిస్తున్న ప్రశ్న సరిగ్గా అదే. ఫైబర్ ఎంత సన్నబడితే అంతగా నీటిని పట్టుకుంటుంది. పోనీ ఎండబెడదామంటే, ఆరేటప్పుడు ఫైబర్లు హైడ్రోజన్ బంధాలతో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తర్వాత నీళ్లలో ఎంత కలిపినా పూర్తిగా విడిపోవు.

కాబట్టి కాగితం పూతలకైతే తడి సరుకే తీసుకోండి, రవాణా ఖర్చు ఎక్కువైనా సరే. ప్లాస్టిక్‌లో కలిపేవాళ్లకు స్ప్రే డ్రై చేసిన (వేడి గాలిలోకి చిమ్మి ఆరబెట్టిన) పొడి ఉంది. తడి సరుకును ఫ్రిజ్‌లో పెట్టండి, గడ్డకట్టనివ్వకండి. బయట వదిలేస్తే బూజు పడుతుంది.

పనితనం? నూనెను ఆపడంలో నాకు చాలా నచ్చింది, కాగితం నూనెను ఎంతవరకు ఆపుతుందో చూసే కిట్ టెస్ట్‌లో మా కాగితం బాగా నిలబడింది. పొడి వాతావరణంలో ఆక్సిజన్‌ను కూడా బాగా ఆపుతుంది. గాలిలో తేమ పెరిగితే ఆ గుణం తగ్గుతుంది. కాగితం మడత పెట్టిన చోట పూత పగులుతోంది, మా తర్వాతి పని దాని మీదే.

ఇదే యూనివర్సిటీ ఓక్ రిడ్జ్ నేషనల్ ల్యాబ్‌తో కలిసి చెక్క ఫైబర్, బయో రెజిన్‌లతో 600 చదరపు అడుగుల ఇంటిని త్రీడీ ప్రింట్ చేసి 2022 నవంబర్‌లో చూపించింది. 2014లో బక్స్‌పోర్ట్ పేపర్ మిల్లు మూతపడిన రాష్ట్రం అది. అడవి మీద బతికే ఊళ్లకు కొత్త పని వెతుకుతోంది, అందుకే ఇంత పట్టుదల.

నా రేటింగ్ ఐదుకు నాలుగున్నర.

ఈ సెంటర్ సరుకు అమ్మడమే కాదు, కంపెనీలకు పైలట్ ట్రయల్స్ (చిన్న స్థాయి ప్రయోగాలు) కూడా చేసిపెడుతుంది. మన సరుగుడు, సుబాబుల్ గుజ్జులో ఫైబర్ పొట్టిది. ఈ రిఫైనర్ల మీద అది ఎలా నలుగుతుందో, ఎంత కరెంటు తింటుందో చూడాలని నాకు చాలా కోరిక. మన మిల్లులవాళ్లు ఎవరైనా ఇది చదివితే, కొంత గుజ్జు పంపి ఆ ట్రయల్ చేయించండి.